పేరు కొట్టించిన పళ్లెం

మా పాపకు ఆయాసం వచ్చే ముందు ముక్కుపుటాలు ఎగరడం మొదలవుతుంది. దగ్గు ఆ తర్వాత. పిల్లికూత ఇంకా తర్వాత. ముందు ఆ చిన్న ముక్కు, ఏదో పసిగట్టినట్టు, ఎగురుతుంది. అది చూడగానే చేతిలో పని వదిలేసి కిటికీలు మూయడానికి పరుగెత్తుతాను. ఎక్కడో ఎవరో ఏదో కాలుస్తూ ఉంటారు.

మేముండేది కోరుట్లలో, ఊరి అంచున కొత్తగా వెలిసిన కాలనీలో. మా పక్క ప్లాటు ఖాళీ. ఖాళీ ప్లాటు అంటే అందరిదీ అన్నమాట. పాలప్యాకెట్లు, చిక్కువెంట్రుకలు, పసిపిల్లల డైపర్లు అన్నీ అందులోకే. మున్సిపాలిటీ బండి పొద్దున పాట పెట్టుకుని వస్తుంది, పోతుంది. అది పోయాక చెత్త గుర్తొచ్చినవాళ్లు ప్లాటులో పారేస్తారు, పొద్దుగూకే వేళ ఎవరో ఒకరు అగ్గిపుల్ల గీస్తారు. వరికోతలు అయ్యాక కథలాపూర్ వైపు పొలాల్లో కొయ్యకాళ్లు తగలబెడితే ఆ పొగా మా మీదికే. జగిత్యాలలో పిల్లల డాక్టరు పాప మూతికి ఆవిరి మాస్కు పెట్టి, "ఇంటి చుట్టుపక్కల పొగ లేకుంట చూసుకోండ్రి" అన్నాడు. మంచి మనిషే. నేను తలూపాను. పొగ లేని చోటు ఎక్కడుందో ఆయన్నే అడగాల్సింది.

మా ఆయన జగిత్యాలలోనే ఒక ప్రైవేటు బడిలో లెక్కలు చెబుతాడు. ఆ రోజు ముగ్గురం కలిసి బస్సులో తిరిగొస్తున్నాం. పాప ఆయన ఒళ్లో నిద్రపోయింది. కిటికీలోంచి బయటికి చూస్తూ, "ఊరందరికి మనం చెప్పలేం. మనమన్నా కాలవెట్టద్దు, మనమన్నా పారెయ్యద్దు" అన్నాడు. ఇంటికొచ్చి ప్రార్థన చేసుకున్నాం. బైబిల్లో ఐదు రొట్టెలను ఐదువేలమందికి పంచిన ప్రభువు, అందరి కడుపులూ నిండాక, మిగిలిన ముక్కల్ని గంపలకెత్తించాడు. లేనిచోట అన్నం పుట్టించగలిగినవాడికి ఆ ముక్కలతో ఏం పని? చిన్నప్పటినుంచీ విన్న ఆ మాట నాకు ఆ సాయంత్రం కొత్తగా వినపడింది. ఈ భూమి ఆయనది, మేం కిరాయికున్నవాళ్లం. ఖాళీ చేసేటప్పుడు ఇల్లు పాపకు అప్పగించి పోవాలి.

అట్లా మొదలైంది. అంగడికి గుడ్డసంచి. కోడికూరకు స్టీలు డబ్బా. మొదటిసారి డబ్బా పట్టుకుపోతే కోడి కొట్టతను, "ఏం మేడం, తడకా వేసి ఇయ్యాల్నా?" అన్నాడు. పక్కింటామె గోడమీదినుంచి, "మీ కిరస్తానపోల్లకు గిదొక కొత్త ఉపాసమా ఏందక్కా?" అని నవ్వింది. నేనూ నవ్వాను. కూరగాయల తొక్కలు పెరట్లో గుంతకు, బట్టలు ఉతికిన నీళ్లు మొక్కలకు. పండుగకు తప్ప కొత్త బట్టలు లేవు. సిరిసిల్లలో మా బాపుకు మరమగ్గాలు ఉన్నాయి. మిగిలిన గుడ్డ ముక్కల్ని మూటగట్టి పంపాడు, సంచులు కుట్టుకొమ్మని. నేను కెమిస్ట్రీ చదువుకున్నదాన్ని. ఆ గుడ్డ పాలిస్టర్ అని, పాలిస్టర్ అంటే అదీ ప్లాస్టిక్ దారమేనని నాకు తెలుసు. అయినా కుట్టాను. కుట్టకపోతే అవి అక్కడ కాల్చేస్తారు. ఇట్లా ప్రతి పనిలోనూ అడుగున ఒక చిన్న ఓటమి ఉండేది. పైకి మాత్రం ఏదో చేస్తున్నామన్న ధైర్యం ఉండేది. ఆ ధైర్యంతోనే మందిరంలో నోరు విప్పాను.

మా మందిరంలో నెలనెలా మొదటి ఆదివారం ప్రభు బల్ల, అంటే రొట్టె, ద్రాక్షరసం పుచ్చుకోవడం, ఉంటుంది. ఆరాధన అయ్యాక ప్రేమవిందు. బగారన్నం, మాంసం, మజ్జిగచారు. వచ్చిన ప్రతి ఒక్కరూ చాపలమీద వరసగా కూర్చుని తింటారు. ఆ విందుకు ప్రాణం మా అత్తమ్మ. మామయ్య పోయాక కథలాపూర్ దగ్గరి పల్లె వదిలి మా దగ్గరికి వచ్చింది. మసాలా నూరడం దగ్గరినుంచి డేగిశాలో గంటె తిప్పడం దాకా ఆమె చేయి పడాల్సిందే. వడ్డన మొదలయ్యాక మాత్రం ఎవరేం చెప్పినా లేవదు. వరస మధ్యలో కాళ్లు ముడుచుకుని కూర్చుని, "ఇగ నేను సుట్టాన్ని. నాకు వడ్డించుండ్రి" అంటుంది. అందరూ నవ్వుతారు.

విందయ్యాక కాగితం పళ్లాలు, ప్లాస్టిక్ గ్లాసులు మందిరం వెనక గోడవారగా కుప్ప పోసి అంటిస్తారు. ఆ పళ్లాలకు మెరిసే పొర ఉంటుంది. అది కాలితే నల్లటి పొగ, గొంతులో పట్టుకునే వాసన. ఒక ఆదివారం కడపటి ఆశీర్వాదం తీసుకుని, విందుకు ఆగకుండా, పాపను భుజాన వేసుకుని పరుగున ఇంటికొచ్చాం. దేవుని ఇంటినుంచి దేవుని గాలికి భయపడి పరుగెత్తాం. ఆ మాట మనసులోంచి పోలేదు.

తర్వాతి స్త్రీల కూడికలో నిలబడి చెప్పాను. ఎవరి పళ్లెం, ఎవరి గ్లాసు వాళ్లే ఇంటినుంచి తెచ్చుకుందాం. తిని, ఇంటికి తీసుకుపోయి కడుక్కుందాం. కలిసిపోకుండా పేర్లు కొట్టించుకుంటే సరి. మా దగ్గర పెళ్లికీ గృహప్రవేశానికీ స్టీలు సామాను ఇస్తే, కొట్టులోనే దానిమీద పేరు కొట్టించి ఇవ్వడం అలవాటే. పాస్టరుగారి భార్యను మేమందరం అమ్మగారు అంటాం. ఆమె సంతోషించింది. "మంచి ఆలోచన సిస్టర్. పేపర్ ప్లేట్లు తెచ్చే బాధ గూడ తప్పుతది" అన్నది. ముందు వరసల్లో ఉద్యోగస్తుల భార్యలు తలలూపారు. వెనక చాపలమీద కూర్చున్న పెద్దవాళ్ల తలలు కదలలేదు. అత్తమ్మ కూడా వాళ్లలోనే ఉంది. కొంగు కొసను వేలికి చుడుతూ, విప్పుతూ ఉంది.

నేను ఊరుకోలేదు. స్టీలు సామాను కొట్టుకు పోయి మా ఇంట్లో అందరికీ తలా ఒక పళ్లెం మీద పేరు కొట్టించాను. అత్తమ్మది అందరికంటే పెద్దది, అంచు ఉన్నది తీసుకున్నాను. ఆమె చదువుకోలేదు. తన పేరు మాత్రం గుర్తు పడుతుంది. ఆ చుక్కల అక్షరాలమీద బొటనవేలు పెట్టి తడిమింది. "నాదేనా?" అన్నది. నీదే అత్తమ్మా అన్నాను. ముఖంలో ఏం కదిలిందో నేను చూడలేదు. పాప తన పళ్లెం నెత్తిన పెట్టుకుని ఇల్లంతా తిరుగుతుంటే దాన్ని చూసి నవ్వుతున్నాను.

ఆ నెల ప్రేమవిందుకు పొగ లేదు. మందిరం వెనక గోడ మొదటిసారి ఊరికే గోడలా ఉంది. పాప సాయంత్రం దాకా పిల్లలతో ఆడుకుంది. నాకు ఏడుపొచ్చినంత సంతోషం. ఆ సంతోషంలో వరసలో ఒక ఖాళీ ఉందని ఆలస్యంగా చూశాను. అత్తమ్మ లేదు. వంట అంతా చేసి, వడ్డన మొదలయ్యేసరికి ఇంటికి నడుచుకుంటూ వెళ్లిపోయింది.

"నడుం నొస్తుందమ్మా, కూసోరాలే" అన్నది, ఇంటికొచ్చి అడిగితే.

తర్వాతి నెల అరుగుదల లేదన్నది. ఆ తర్వాతి నెల వంటకు కూడా రాలేదు. ప్రభు బల్లలో రొట్టె తీసుకుని, చెప్పులేసుకుని వెళ్లిపోయింది. ఇంట్లోనూ ఆ పళ్లెంలో ఒక్క రోజు తినలేదు. పాత గిన్నెలో అన్నం కలుపుకుని, వంటింటి గడపమీద కూర్చుని, మా అందరిదీ అయ్యాక తింటోంది. మాతో కూర్చోమంటే, "నువ్వు తిను బిడ్డా, నాకేం తొందర" అంటుంది. మనిషి చిక్కిపోయింది. ఆదివారం ఉదయం డేగిశా ముందు అందరినీ అదిలించే ఆ గొంతు ఇంట్లోంచే పోయింది.

"మీ అవ్వకు నా మీద కోపం అచ్చింది" అన్నాను మా ఆయనతో.

"అవ్వకు కోపమా? అవ్వకు కోపమొస్తే వాడంత వినవడ్తది" అన్నాడు. కానీ ఆయన ముఖంలోనూ బెంగ ఉంది. వాళ్ల అమ్మ నలుగురిలో కూర్చుని తినడం మానేయడం ఆయన ఎప్పుడూ చూడలేదు. "ఆమె మల్ల గా వరసల కూసోని తినాలె. గంతే. ఏం చేస్తే తింటదో అడుగు" అన్నాడు. నాకైతే అదొక్కటే కోరిక అయిపోయింది. రాత్రిళ్లు పాప ఊపిరి వింటూ పడుకున్నప్పుడు చేసుకునే ప్రార్థనలో అత్తమ్మ ముద్ద కూడా చేరింది.

తెలిసింది పాప వల్లే. ఒక మధ్యాహ్నం, ఎవరూ అడగకుండానే, గిన్నెల స్టాండులోంచి ఆ పెద్ద పళ్లెం తీసి, అందులో ఇంత అన్నం పెట్టుకుని గడప దగ్గరికి తీసుకుపోయింది.

"బాపమ్మా, నీ పల్లెంల నువ్వే తినాలె. దీన్ల మేం ఎవ్వలం తినం. నీ పేరుంది."

అత్తమ్మ పాపను దగ్గరికి తీసుకుని, ఆ అన్నం తన గిన్నెలోకి వంపుకుని, ఖాళీ పళ్లెం నా చేతికిచ్చింది.

"మంచికే చెప్పినవ్ బిడ్డా. కాదంటలేను. పొల్ల పానం కంటె ఎక్కువనా నాకు."

"మరెందుకు తింటలేవు అత్తమ్మా? చెప్పు."

చెప్పింది. గిన్నెలో అన్నం కలుపుతూ, ఎవరిదో కథ చెప్పినట్టు చెప్పింది.

"మా అవ్వ దొరోళ్ల పొలానికి కూలికి వోయేది. నేను ఎంబడి వోయేదాన్ని. పగటీలి దొర గడిల నుంచి జొన్న గట్క తెచ్చి వోసేటోళ్లు. ఎవ్వల పల్లెం వాల్లదే. దొర పసుల కొట్టంల, సూరుల చెక్కి ఉండేటియి. తీసుకోవాలె, తినాలె, కడిగి మల్ల గండ్లనే చెక్కాలె. మాదానికి సొట్ట ఉండె. సొట్టను జూసి గుర్తువట్టేదాన్ని. మంది పల్లెం ముట్టుకుంటే తప్పు. గడిల పెండ్లయితే ఎంగిలి గిన్నెలన్ని తోమింది మా అవ్వనే, నేనే. తోముటానికి మా చేతులు వనికచ్చినయి. గండ్ల తినుటానికి నోరు వనికిరాకపాయె."

ముద్ద నోట్లో పెట్టుకుని, నమిలి, మింగి మళ్లీ చెప్పింది.

"పెండ్లయి అచ్చినంక మీ మామ మందిరానికి తీస్కపోయిండు. ప్రేమవిందు అన్నరు. మోదుగాకు ఇస్తర్లు. కట్టలకెళ్లి మీదిది దీసి నాకిచ్చిండ్రు, గటెంక ఇంకొకలకిచ్చిండ్రు. ఎవ్వలది ఏదో పేరు లేదు, సొట్ట లేదు. తిన్నం, లేసినం. ఎవ్వల ఎంగిలి ఎవ్వలు తోమలే. గా దినం నాకు మస్తు నవ్వచ్చింది. మీ మామ, ఎందుకు నవ్వుతున్నవే పిచ్చిదానా అన్నడు. అటెంక గీ కాగితం పల్లాలచ్చినయి. గవ్వి గూడ గట్లనే ఉండె నాకు."

ఖాళీ పళ్లెం పట్టుకుని గడప దగ్గరే కూర్చున్నాను. మావాళ్లు మగ్గాలవాళ్లు. మా అమ్మమ్మ ఎన్ని కష్టాలు చెప్పినా అందులో చూరులో చెక్కిన పళ్లెం లేదు. మా పెళ్లికి అత్తమ్మవాళ్లది మాలవాడ అని మా బంధువులు సగంమంది రాలేదు. రాకపోవడం ఎంత తప్పో నాకు తెలుసుననుకున్నాను. పళ్లెం తెచ్చుకోమని చెప్పడం ఒక మనిషికి ఎట్లా వినిపిస్తుందో మాత్రం తట్టలేదు. దానిమీద పేరు కూడా కొట్టించి ఇచ్చాను.

తర్వాత నేను చేసినవన్నీ ఆ పళ్లేన్ని వెనక్కి తీసుకోవడానికే. అమ్మగారి దగ్గరికి పోయి, మందిరానికే అందరికీ కలిపి ఒకే రకం స్టీలు పళ్లాలు తెచ్చుకుందాం, ఎవరిదని ఉండదు అన్నాను. ఆమె కూడికలో అడిగింది.

"మంచిదే. మరి గన్ని పల్లాలు కడుగుడు ఎవ్వలు?"

ముందు వరసల్లో కొన్ని తలలు, తమకు తెలియకుండానే, వెనక చాపల వైపు తిరిగాయి. నేను చూశాను. అత్తమ్మ కూడా చూసింది. "మనమందరం వంతులు వేసుకుందాం" అని నేను గొంతు పెంచి అన్నాను. "అట్లనే సిస్టర్, ప్రార్థన చేద్దాం" అన్నారు. ప్రార్థన చేద్దామంటే ఆ మాట అక్కడితో అయిపోయిందని మందిరంలో ఉన్నవాళ్లందరికీ తెలుసు.

అప్పుడు విస్తర్లు గుర్తొచ్చాయి. "కుట్టుడు నేర్పుతవా అత్తమ్మా? మనమిద్దరం కుడదాం" అంటే ఆమె ముఖం చాలా నెలలకు వెలిగింది. "గదేమన్న బ్రహ్మవిద్యనా? మా ఊరి గుట్టకు వోదాం పా. మోదుగుల అడివే ఉంటది" అన్నది. అంగడిలో ఆకు విస్తర్లు దొరుకుతాయి, కానీ తిప్పి చూస్తే అడుగున ప్లాస్టిక్ పొర అంటించి ఉంటుంది. అందుకని సెలవురోజు చూసుకుని, సంచులూ పుల్లలూ పట్టుకుని నలుగురం ఆమె పల్లెకు పోయాం. దారంతా పాపకు చెబుతూనే ఉంది, లేత ఆకు పనికిరాదని, ముదురుది చిరుగుతుందని, మధ్యస్తంది కోయాలని.

ఊరి వెనక గుట్ట లేదు. గ్రానైటు కోసం తొలిచేశారు. గుట్ట ఉండాల్సిన చోట తెల్లగా నిలువు కోతలతో ఒక పెద్ద గుంత, అడుగున ఆకుపచ్చ నీళ్లు. లారీలు తిరిగిన దుమ్ము తుమ్మచెట్ల మీద బూడిదలా పేరుకుంది. "గుట్ట ఉండాలె గదా గీడ" అన్నది అత్తమ్మ, దారి తప్పిన మనిషి ఎవరినో అడిగినట్టు. మా ఆయనకు ముందే తెలుసేమో, ఇంత పోయిందని అనుకోలేదేమో, తల వంచుకున్నాడు. రోడ్డుపక్కన రెండు మోదుగులుంటే దుమ్ము దులిపి ఆకు కోసింది. మా నలుగురికి సరిపడా కుట్టింది. మందిరానికి ఎక్కడివి? పాప ముక్కు ఎగరడం మొదలైంది. దుమ్ముకు. వెంటనే తిరిగొచ్చేశాం.

నేను ఓడిపోయాను. దీన్ని ఇంకే మాటతోనూ చెప్పలేను. ఒకవైపు పాప ఊపిరి, ఇంకోవైపు అత్తమ్మ ముద్ద. రెండూ దేవుడిచ్చినవే. రెంటినీ ఒకే విందులో కూర్చోబెట్టడానికి ఈ ఊళ్లో నాకు ఒక ఆకు దొరకలేదు. "పొల్లను తిన్నంక జల్ది ఇంటికి తెచ్చుకుందాం. అవ్వను ఇంకెన్నొద్దులు గడపల కూసోవెడదాం?" అన్నాడు మా ఆయన. అమ్మగారి దగ్గరికి పోయి, పాత పద్ధతే మేలు, కాగితం పళ్లాలు తెప్పించండి అన్నాను. ఆమె, "నేను ముందే అనుకున్న సిస్టర్" అన్నది. ఆమె అనుకున్నది వేరు, పళ్లాలు మోసుకురావడం బరువై వద్దంటున్నామని. సరిచెయ్యబుద్ధి కాలేదు.

ఆ ఆదివారం అత్తమ్మ తెల్లవారకముందే లేచి పోయి డేగిశా దగ్గర నిలబడింది. ఉప్పు తక్కువ వేసిన పిల్లను, "పెండ్లయితే మీ అత్త నిన్ను రెండో దినమే తోలుతది" అని అదిలించింది. వడ్డన వేళకు వరస మధ్యలో కూర్చుంది. కట్టలోంచి పైది తీసి ఆమె ముందు వేశారు. మాంసం వడ్డించే అబ్బాయి ముందుకు జరగబోతే, "ఓ కొడుకా, ముసల్దానికి పండ్లు లెవ్వనుకుంటున్నవా? బొక్క ఎయ్యి" అన్నది. అందరూ నవ్వారు. నేను ఆమె పక్కనే, అదే రకం మెరిసే పళ్లెంలో తిన్నాను. ఆమె మోకాలు నా మోకాలికి తగులుతోంది. అన్నం మింగుతూ ఏడ్చాను, కారం అనుకున్నారు.

లేచి చేతులు కడుక్కునేలోపే వెనక అంటించారు. ఈసారి గాలి మా వైపే ఉంది. పాప నా చెయ్యి పట్టుకుని ఉంది. ముక్కు ఎగిరింది, దగ్గు వచ్చింది, మందిరం గేటు దాటేలోపే పిల్లికూత మొదలైంది. మా ఆయన ఆటో కోసం రోడ్డుమీదికి పరుగెత్తాడు. వెనక్కి తిరిగి చూస్తే అత్తమ్మ గోడవారన ఉంది. వెదురుకర్రతో, ఇంకా అంటుకోని పళ్లాలను మంటలోంచి బయటికి లాగుతోంది. "ఏమైంది అవ్వా, కాలవెట్టనియ్యి" అని ఎవరో అంటున్నారు. ఆమె బియ్యం సంచి ఒకటి అడిగి తీసుకుని, అందరూ తిన్న పళ్లాలు అందులోకి ఎత్తి, సంచి నెత్తిన పెట్టుకుని ఇంటికి నడిచి వచ్చింది.

వచ్చేసరికి నేను పాపకు ఆవిరి పెడుతున్నాను. డాక్టరు కొనిపించిన ఆవిరి మిషను రొదలో నల్లా చప్పుడు ఆలస్యంగా వినపడింది. పాపను ఆయనకిచ్చి పెరట్లోకి పోయాను. అత్తమ్మ గచ్చుమీద గొంతుక్కూర్చుని ఒక్కో పళ్లెమే కడుగుతోంది. కడగకపోతే కుక్కలు చింపుతాయి, ఈగలు ముసురుతాయి. ఎవరో నమిలి వదిలిన బొక్కలు, ఎవరో సగం తిని వదిలిన అన్నం గుంతలోకి తోస్తోంది.

"నేను కడుగుత ఇయ్యి అత్తమ్మా" అని చేయి చాపాను.

"నువ్వు పొల్లకాడికి పో."

"ఇయ్యి. నువ్వద్దు. నువ్వు కడుగద్దు."

ఆమె ఇవ్వలేదు. నా వైపు చూడలేదు కూడా. "పొల్ల పానం కంటెనా" అన్నది, నాతో కాదు, నీళ్లతో. కడిగినవాటిని ఒక్కొక్కటే గోడకు బోర్లించింది.

ఆ సంచి ఇప్పుడు స్నానాలగది వెనక ఉంది. మున్సిపాలిటీ బండికి ఇవ్వచ్చు. ఆ బండి తీసుకుపోయేచోట రోజూ పొగ లేస్తుందని జగిత్యాల బస్సులో వెళ్తూ చూస్తూనే ఉంటాం. అందుకని ఇవ్వలేదు. మొన్నటి ఆదివారం రెండో సంచి వచ్చింది. అదీ ఆమే మోసుకొచ్చింది, ఆమే కడిగింది. చోటు నిండాక ఏం చేయాలో మాకు ఎవరికీ తెలియదు. పేరు కొట్టించిన పళ్లెం బియ్యం డబ్బా మీద మూతగా ఉంది. అత్తమ్మ విందులో కూర్చుని తింటోంది. ప్రార్థనలో నేను అడిగింది అదే.